సీఎంఎల్: మొదటి రోజు లెక్క, మూడో నెల లెక్క

దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా, అంటే డాక్టర్లూ రోగులూ కూడా సీఎంఎల్ అని పిలిచే రక్త క్యాన్సర్, చాలామందిలో ఒకే తీరుగా బయటపడుతుంది. ఎడమ పక్కటెముకల కింద ఏదో బరువు, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉండడం, నెలల తరబడి తగ్గని నీరసం, తెలియకుండానే బరువు తగ్గడం. చివరికి ఒక మామూలు రక్తపరీక్షలో పదివేల లోపు ఉండవలసిన తెల్లకణాల సంఖ్య లక్ష దాటి కనిపిస్తుంది. కొందరిలో ఈ లక్షణాలేవీ ఉండవు. వేరే పనికి చేయించుకున్న పరీక్షలో జబ్బు దొరుకుతుంది. ఆ కాగితం చేతికి వచ్చిన క్షణం నుంచి రోగిని, కుటుంబాన్ని వేధించే ప్రశ్న ఒక్కటే: ఇక ముందు ఏమవుతుంది?

పాతికేళ్ల కిందట ఈ ప్రశ్నకు ఉన్న జవాబు, ఇప్పుడున్న జవాబు ఒకటి కావు. జబ్బు దాదాపు అదే, మనుషులూ అలాంటివారే, మారింది చికిత్స. చికిత్స మారడంతో రోగి భవిష్యత్తును ముందుగా సూచించే అంశాలు కూడా చోటు మారాయి. ఒకప్పుడు మొదటి రోజు శరీరంలో కనిపించినవే దాదాపు అంతా చెప్పేవి. ఇప్పుడు మొదటి రోజు లెక్క కొంతే చెబుతుంది. మూడో నెలలో, ఆరో నెలలో, ఏడాదికి రక్తం చెప్పేది అంతకంటే బరువైనది. ఆ రక్తం ఏం చెబుతుందన్నది మందు ఎంత మంచిదన్న దానిపైనే కాక, అది రోజూ కడుపులోకి వెళ్లిందా లేదా అన్న దానిపైన కూడా ఆధారపడుతుంది.

దీర్ఘకాలిక లుకేమియా అనే పేరు కింద నిజానికి రెండు ప్రధానమైన జబ్బులున్నాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. రెండోదైన సీఎల్ఎల్, లింఫోసైట్లు అనే ఒక రకం తెల్లకణాలకు సంబంధించినది. పాశ్చాత్య దేశాల వృద్ధుల్లో చాలా ఎక్కువగా, మన దగ్గర తక్కువగా కనిపిస్తుంది. అందులో టీపీ53 జన్యువు దెబ్బతిన్నదా, 17వ క్రోమోజోమ్ పొట్టి భుజం తెగిపోయిందా, ఐజీహెచ్‌వీ జన్యువులో మ్యుటేషన్లు, అంటే మార్పులు, ఉన్నాయా అనే విషయాలు చికిత్సకు ముందే చాలావరకు దారి చూపిస్తాయి. సీఎంఎల్ కథ వేరు. దాదాపు రోగులందరిలోనూ మూలం ఒక్కటే కాబట్టి తేడాలు ఎక్కువగా తర్వాతి నడకలో బయటపడతాయి.

ఆ మూలాన్ని 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ గుర్తించారు. రోగుల తెల్లకణాల్లో మామూలుకంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమ్ వారి కంటబడింది. దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. 1973లో జానెట్ రౌలీ అది విరిగి పోగొట్టుకున్న ముక్క కాదనీ, 9వ, 22వ క్రోమోజోముల మధ్య ముక్కలు చేతులు మారాయనీ చూపించారు. ఆ మార్పిడిలో ఏబీఎల్ అనే జన్యువు బీసీఆర్ అనే జన్యువు పక్కకు వచ్చి అతుక్కుంటుంది. అలా పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్, కట్టేయడం మరచిన మోటారులా ఆగకుండా పనిచేస్తూ కణాలను విభజన వైపు నెడుతూనే ఉంటుంది. ఆ మోటారును ఆపే ఇమాటినిబ్ మాత్రకు 2001 మే నెలలో అమెరికాలో అనుమతి లభించింది. అంతకుముందు హైడ్రాక్సీయూరియా వంటి మందులతో కణాల సంఖ్యను అదుపు చేసినా, కొన్నేళ్లకు జబ్బు బ్లాస్ట్ దశ అనే తీవ్ర లుకేమియాగా మారి ప్రాణం తీసేది. ఇమాటినిబ్‌ను మొదటి మందుగా పరీక్షించిన ఐరిస్ అధ్యయనంలో, ఆ మందుతో చికిత్స మొదలుపెట్టిన వర్గంలో పదేళ్ల తర్వాత 83.3 శాతం మంది బతికి ఉన్నట్టు తేలింది. క్యాన్సర్ వైద్యంలో ఒక్క మాత్ర ఇంత మార్పు తెచ్చిన సందర్భాలు చాలా అరుదు.

మొదటి రోజు లెక్కల్లో అన్నిటికంటే పాతదీ, ఇప్పటికీ కేస్ షీట్లలో కనిపించేదీ 1984 నాటి సోకల్ స్కోరు. రోగి వయసు, పక్కటెముకల అంచు కిందికి ప్లీహం (స్ప్లీన్) ఎన్ని సెంటీమీటర్లు దిగింది, ప్లేట్‌లెట్ల సంఖ్య ఎంత, రక్తంలో ముదరని బ్లాస్ట్ కణాలు ఎంత శాతం అనే నాలుగు విషయాలతో దాన్ని లెక్కిస్తారు. ఫలితం 0.8 కంటే తక్కువైతే ముప్పు తక్కువ, 1.2 దాటితే ఎక్కువ, మధ్యలో ఉంటే మధ్యస్థం. ఒక ఊహా ఉదాహరణతో ఇది ఎలా పనిచేస్తుందో చూడవచ్చు. 38 ఏళ్ల వ్యక్తికి ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు, బ్లాస్ట్ కణాలు 3 శాతం ఉన్నాయనుకుందాం. ప్లీహం చేతికి అసలు తగలకపోతే స్కోరు సుమారు 0.76; అంటే తక్కువ ముప్పు. మిగతావన్నీ అలాగే ఉండి ప్లీహం ఒక్కటే 12 సెంటీమీటర్లు దిగి ఉంటే స్కోరు 1.15కు పెరిగి, అదే మనిషి మధ్యస్థ వర్గంలోకి జారిపోతాడు.

ప్లీహానికి ఇంత బరువు ఉన్నందువల్లే దాన్ని ఎప్పుడు, ఎలా కొలిచారన్నది చిన్న విషయం కాదు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, దీర్ఘంగా ఊపిరి పీల్చమని, ఎడమ పక్కటెముకల అంచు నుంచి ప్లీహం కొస వరకు చేతితో తడిమి టేపుతో కొలిచే ఆ రెండు నిమిషాల పని చికిత్స మొదలవక ముందే జరగాలి. స్కానింగ్ రిపోర్టులోని ప్లీహం మొత్తం పొడవును దాని స్థానంలో వాడకూడదు. తెల్లకణాలు విపరీతంగా ఉన్నాయని ముందు ఎక్కడో హైడ్రాక్సీయూరియా మొదలుపెట్టి, రెండు మూడు వారాల తర్వాత రోగిని పెద్ద ఆసుపత్రికి పంపితే, అప్పటికి ప్లీహం కుంచించుకుపోతుంది, బ్లాస్ట్ కణాలు తగ్గిపోతాయి. అప్పుడు వేసే స్కోరు అంకెల్లో సరిగ్గానే ఉంటుంది, అర్థంలో తప్పుతుంది. మొదటిసారి చూసిన డాక్టరు ఆ సెంటీమీటర్ల అంకెను చీటీ మీద రాసి పంపడం రోగికి చేసే నిజమైన మేలు.

సోకల్ స్కోరు ఇమాటినిబ్ లేని కాలంలో పుట్టింది. అందువల్ల అది వయసుకు కొంత ఎక్కువ బరువు ఇస్తుంది. పెద్ద వయసువారు సీఎంఎల్‌తో కాక వేరే కారణాలతో మరణించినా ఆ మరణం కూడా దాని లెక్కలోకి వస్తుంది. ఇమాటినిబ్ తీసుకున్న రోగుల సమాచారంతో, సీఎంఎల్ వల్లే జరిగే మరణాన్ని ముందుగా అంచనా వేయడానికి 2016లో ఈఎల్‌టీఎస్ అనే స్కోరును రూపొందించారు. అవే నాలుగు అంశాలు, వేరే బరువులు. పై ఉదాహరణలోని వ్యక్తికి 60 ఏళ్లు ఉండి, ప్లీహం తగలకపోతే సోకల్ ప్రకారం మధ్యస్థ ముప్పు, ఈఎల్‌టీఎస్ ప్రకారం తక్కువ ముప్పు. ప్లేట్‌లెట్ల విషయంలో రెండు స్కోర్లూ ఎదురుబొదురుగా నిలబడతాయి: సోకల్‌లో ప్లేట్‌లెట్లు పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుంది, ఈఎల్‌టీఎస్‌లో తగ్గే కొద్దీ పెరుగుతుంది. యూరప్ నిపుణుల బృందం 2020 నుంచి ఈఎల్‌టీఎస్‌కే మొగ్గు చూపుతోంది. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే చాలా చిన్న వయసులో, ఎక్కువగా ముప్పైలలో, నలభైలలో బయటపడుతుంది కాబట్టి ఇక్కడి రోగుల్లో స్కోరును పైకి లాగేది వయసు కంటే ఆలస్యంగా రావడం వల్ల పెరిగిన ప్లీహమే.

మొదటి రోజున ఎముక మజ్జ పరీక్ష చెప్పేవి మరికొన్ని ఉన్నాయి. ఫిలడెల్ఫియా క్రోమోజోముతో పాటు దానిదే మరో నకలు, అదనపు 8వ క్రోమోజోము, 17వ క్రోమోజోములో ప్రత్యేకమైన మార్పు, 7వ క్రోమోజోము ఒకటి లేకపోవడం వంటివి కనిపిస్తే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. జబ్బు ఏ దశలో దొరికిందన్నది అన్నిటికంటే పెద్ద తేడా: తొలి దశలో దొరికినవారికీ బ్లాస్ట్ దశలో దొరికినవారికీ మధ్య దూరం ఏ స్కోరూ కొలవలేనంత ఎక్కువ. బ్లాస్ట్ దశలో మాత్రలు ఒంటరిగా ఎక్కువకాలం నిలవవు. కీమోథెరపీ, వీలైతే మూలకణ మార్పిడి అవసరమవుతాయి.

ఇక అసలు విషయం మూడో నెల లెక్క. రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో పీసీఆర్ పద్ధతిలో కొలిచి, అంతర్జాతీయ ప్రమాణం మీద శాతంగా చెబుతారు. మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగితే చికిత్స చక్కగా సాగుతున్నట్టు. 0.1 అంటే ప్రామాణిక మొదటి స్థాయితో పోలిస్తే వెయ్యి రెట్లు తగ్గిందన్నమాట. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం 2012లో ప్రచురించిన ఫలితాలు ఈ మూడో నెల అంకెకు ఉన్న బలాన్ని స్పష్టంగా చూపాయి. ఇమాటినిబ్ తీసుకున్నవారిలో మూడు నెలలకు 9.84 శాతం లేదా అంతకు దిగువన ఉన్నవారిలో ఎనిమిదేళ్లు బతికే అవకాశం 93.3 శాతం; దానికి పైన ఉండిపోయినవారిలో 56.9 శాతం. మొదటి రోజు స్కోరు ఒకటే అయిన ఇద్దరిని కూడా మూడు నెలల ఈ ఒక్క పరీక్ష రెండు దారుల్లో విడదీయగలదు.

అయితే ఒక్క అంకెను చూసి గుండె జారిపోవలసిన పని లేదు. మొదట్లో స్థాయి చాలా ఎక్కువగా ఉండి, మూడు నెలల్లో వేగంగా సగానికి సగం తగ్గుతూ వస్తున్న రోగి 11 శాతం దగ్గర ఉండడం వేరు. మొదటి నుంచి కదలకుండా 11 దగ్గర నిలబడడం వేరు. అందుకే 10 దాటితే ఒకటి నుంచి మూడు నెలల్లో పరీక్ష మళ్లీ చేసి నిర్ధారించుకుంటారు. పరీక్ష విశ్వసనీయత కూడా చూసుకోవాలి. కొలిచేది ఆర్ఎన్ఏని, అది త్వరగా పాడయ్యే పదార్థం. రక్తం తీసిన ఊరికీ ల్యాబుకూ మధ్య నమూనా రెండు మూడు రోజులు తిరిగితే, ఉన్న జబ్బును తక్కువ చేసి చూపించే ప్రమాదం ఉంది. ఒక ల్యాబులో 0.08, మరో ల్యాబులో 0.3 వచ్చాయంటే జబ్బు పెరిగిందని వెంటనే అనుకోకూడదు. పరీక్షలన్నీ ఒకే ల్యాబులో, అంతర్జాతీయ ప్రమాణంలో రిపోర్టు ఇచ్చే చోట చేయించుకోవాలని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

అంకె తగ్గకపోతే మొదట వెతకవలసిన కారణం చాలాసార్లు జన్యువుల్లో ఉండదు, మందుల డబ్బాలో ఉంటుంది. అదే హామర్‌స్మిత్ బృందం 2010లో చేసిన అధ్యయనం ఈ విషయంలో అందరి కళ్లూ తెరిపించింది. ఏళ్లుగా ఇమాటినిబ్ వాడుతున్న 87 మందికి, మూతలో చిన్న ఎలక్ట్రానిక్ చిప్ అమర్చిన సీసాల్లో మాత్రలు ఇచ్చి, మూత తెరిచిన ప్రతిసారీ ఆ సమయం నమోదయ్యేలా మూడు నెలలు చూశారు. నాలుగో వంతు మంది, ఇవ్వవలసిన మోతాదులో 90 శాతం లేదా అంతకంటే తక్కువే తీసుకున్నారు. 90 శాతం అంటే నెలలో మూడు రోజులు మానేసినట్టు. వినడానికి అది పెద్ద తప్పులా అనిపించదు. కాని 90 శాతానికి మించి తీసుకున్నవారిలో ఆరేళ్లకు 0.1 శాతం స్థాయిని అందుకునే అవకాశం 94.5 శాతం ఉండగా, ఆ గీత దిగువన ఉన్నవారిలో అది 28.4 శాతానికి పడిపోయింది. 80 శాతం కంటే తక్కువ తీసుకున్నవారిలో ఆ స్థాయిని అందుకున్నవారే లేరు.

మాత్ర ఎందుకు తప్పుతుందో తెలుసుకోవాలంటే రోగిని నిందించకుండా అడగాలి. ఇమాటినిబ్ వికారం తెస్తుంది, కళ్ల చుట్టూ ఉబ్బు తెస్తుంది, రాత్రి పిక్కలు పట్టేస్తాయి. మన రోగుల్లో ఒంటిరంగు తేలిపోవడం కూడా తరచుగా కనిపిస్తుంది. నిండుగా భోజనం చేసి, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకుంటే వికారం చాలావరకు తగ్గుతుందన్న ఒక్క మాట మొదటి రోజే చెప్పని కారణంగా మాత్ర మానేసినవారు ఉంటారు. ఒంట్లో బాగున్నప్పుడు క్యాన్సర్ మందు అవసరమా అన్న ఆలోచన మరొకటి. పెళ్లి కావలసిన యువతీయువకుల్లో జబ్బును దాచడం కోసం మాత్ర దాచడం, దాచిన మాత్ర మరచిపోవడం ఇంకొకటి. ఉచితంగా మందు దొరికే ఆసుపత్రికి రావాలంటే ఒకరోజు కూలి, రానూపోనూ బస్సు ఛార్జీ, తోడు వచ్చేవారి పని కూడా పోతాయి. మందు అయిపోయిన తర్వాత ఆ ప్రయాణానికి డబ్బు కూడేదాకా గడిచే పది రోజులు కూడా ఆ చిప్ దృష్టిలో మానేసిన రోజులే. మందును ఒకేసారి మూడు నెలలకు ఇవ్వడం, ఊరికి దగ్గరలో అందించడం, ఫోన్ చేసి గుర్తుచేయడం వంటి పనులను ఆసుపత్రులు దయతో చేసే అదనపు సేవలుగా కాక చికిత్సలో భాగంగానే లెక్కించాలి. వాటి ప్రభావం పీసీఆర్ రిపోర్టులో నేరుగా కనిపిస్తుంది.

మాత్ర వేసుకున్నా శరీరానికి అందని సందర్భాలూ ఉన్నాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ కాలేయంలో ఇమాటినిబ్‌ను వేగంగా విరగ్గొట్టి రక్తంలో దాని స్థాయిని బాగా దించేస్తుంది. క్షయ ఇంత సాధారణమైన దేశంలో ఈ సంగతి సీఎంఎల్ రోగికీ, క్షయ మందు రాసే డాక్టరుకూ ఇద్దరికీ తెలిసి ఉండాలి.

మందు అందుబాటు కూడా రోగి భవిష్యత్తును నిర్ణయించే అంశమేనని ఈ జబ్బు చరిత్ర చెబుతుంది. ఇందులో హైదరాబాద్ పాత్ర చిన్నది కాదు. నోవార్టిస్ సంస్థ ఇమాటినిబ్ ధర నెలకు దాదాపు 1.2 లక్షల రూపాయలు పలికిన రోజుల్లో, హైదరాబాద్‌కు చెందిన నాట్కో అనే మందుల కంపెనీ 2003లో వీనాట్ పేరుతో అదే మందును అందులో చిన్న భాగం ధరకే తెచ్చింది. ఆ ఏడాది చివర నోవార్టిస్‌కు ప్రత్యేక అమ్మకపు హక్కులు దక్కాయి. 2006లో చెన్నై పేటెంట్ కార్యాలయం నోవార్టిస్ పేటెంట్ దరఖాస్తును తిరస్కరించింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తెలిసిన మందుకే కొత్త రూపం ఇస్తే, దాని ప్రభావం మెరుగుపడకుండా పేటెంట్ ఇవ్వకూడదనే, పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(డి) ఆధారంగా నోవార్టిస్ అప్పీలును కొట్టివేసింది. నోవార్టిస్ కూడా మ్యాక్స్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా చాలామంది భారతీయ రోగులకు ఈ మందును ఉచితంగా ఇచ్చింది. రోజూ, ఏళ్ల తరబడి వేసుకోవలసిన మాత్ర విషయంలో ధర అనేది స్కోరులో కనిపించని ఐదో అంశం.

మాత్ర సరిగ్గా వేసుకున్నా అంకె పెరుగుతుంటే అప్పుడు మ్యుటేషన్ పరీక్ష చేయాలి. బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్‌లో మందు అతుక్కునే చోట మార్పు వస్తే మందు పట్టు తప్పుతుంది. వీటిలో టీ315ఐ అనేది అన్నిటికంటే మొండిది. ఇమాటినిబ్‌తో పాటు, దాని తర్వాత అదే కోవలో వచ్చిన డాసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ కూడా దానిపై పనిచేయవు. పోనాటినిబ్, అసిమినిబ్ వంటివి పనిచేస్తాయి. కాబట్టి ఒకప్పుడు దాదాపు తుది తీర్పులా ఉన్న ఈ మ్యుటేషన్, ఇప్పుడు ఏ మందు ఎంచుకోవాలో చెప్పే సమాచారంగా మారింది.

జబ్బు అదుపులోకి వచ్చినవారిలో ఆయుష్షును నిర్ణయించేది క్రమంగా సీఎంఎల్ కాకుండా పోతుంది. జర్మనీలో 1,519 మంది రోగులను పరిశీలించిన అధ్యయనంలో, షుగరు, గుండెజబ్బు వంటి ఇతర జబ్బులు మందు పనిచేయడంపై ప్రభావం చూపలేదు గాని, మొత్తం ఆయుష్షుపై స్పష్టంగా చూపాయి. అందుకే మందు ఎంపికలో వాటిని లెక్కలోకి తీసుకోవాలి. నిలోటినిబ్ రక్తనాళాల సమస్యలను, షుగరును పెంచగలదు. డాసాటినిబ్‌తో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరవచ్చు; ఆ నీటిని క్షయ అని పొరబడి రిఫాంపిసిన్ మొదలుపెడితే నష్టం రెట్టింపవుతుంది. పిల్లల్ని కనే వయసులోని స్త్రీలకు ఇంకో లెక్క ఉంది: ఈ మాత్రలు గర్భంలోని బిడ్డకు హాని చేయగలవు కాబట్టి, అంకె బాగా దిగి స్థిరపడిన తర్వాత డాక్టరుతో కలిసి గర్భధారణను ముందే ప్రణాళిక వేసుకోవాలి. చెప్పకుండా మాత్ర మానేయడం, చెప్పకుండా మాత్ర కొనసాగించడం రెండూ ప్రమాదమే.

చివరిగా, మందు ఎప్పటికైనా ఆపవచ్చా? ఫ్రాన్స్‌లో జరిగిన స్టిమ్ అధ్యయనంలో, కనీసం రెండేళ్లు పీసీఆర్‌కు జబ్బు దొరకని స్థితిలో ఉన్న 100 మంది ఇమాటినిబ్ ఆపినప్పుడు, సుమారు నలభై శాతం మందిలో జబ్బు తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవారిలో అత్యధికులకు అది మొదటి ఆరు నెలల్లోనే వచ్చింది, మందు మళ్లీ మొదలుపెట్టగానే చాలావరకు అదుపులోకి వచ్చింది. ఎంతకాలం మందు వాడారు, ఎంతకాలం లోతైన స్పందనలో, అంటే జబ్బు దాదాపు దొరకని స్థితిలో, ఉన్నారు అనేవే ఇక్కడ బలమైన సూచికలు. కాని ఆపిన తర్వాత మొదటి ఆరు నెలల్లో నెలనెలా నమ్మకమైన పీసీఆర్ పరీక్ష, వారాల్లోగా చేతికి వచ్చే రిపోర్టు, అవసరమైన రోజునే దొరికే మందు లేకపోతే, అంకె ఎంత బాగున్నా ఆపే ఆలోచన చేయకూడదు.